బడి గీతకు అటూ ఇటూ: ఇల్లు కొనేముందు ఒక ఆలోచన

కొన్ని నెలల క్రితం ఇషా నమాజు ముగించుకొని ఇంటికి చేరేసరికి అమెరికా నుంచి మా మేనల్లుడి ఫోను వచ్చింది. అతడు టెక్సాస్ రాష్ట్రంలో, డాలస్ మహానగరానికి ఆనుకొని ఉన్న ఒక శివారు పట్టణంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. ముగ్గురు పిల్లలు. పెద్దమ్మాయికి పదిహేనేళ్లు, అబ్బాయికి తొమ్మిది, చిన్నపాపకు ఆరు. పదేళ్లుగా అద్దె ఇంట్లోనే ఉన్నారు. ఇప్పుడు ఇల్లు కొనాలనుకుంటున్నారు.

"మామూ, రెండు ఇళ్లు చూశాము. రెంటికీ నాలుగేసి గదులు. రెండూ ఒకే కాలంలో కట్టినవి. మధ్య దూరం మైలు కూడా ఉండదు. ఒకటి నాలుగు లక్షల యాభై వేల డాలర్లు, రెండోది ఐదు లక్షల ఇరవై వేలు. ఏది కొనమంటారు?" అని అడిగాడు.

"ఆ డెబ్బై వేలు ఎందుకు ఎక్కువ?" అన్నాను.

"మధ్యలో బడి గీత ఉంది మామూ" అన్నాడు.

నలభై ఏళ్లుగా మదరసాలో చదువుతూ, చదువు చెబుతూ ఉన్నవాణ్ణి. బడికి గోడ ఉంటుందని తెలుసు, గేటు ఉంటుందని తెలుసు. వీధుల మీదుగా కంటికి కనబడకుండా సాగిపోయి, ఇటుపక్క ఇంటికి ఒక ధర, అటుపక్క ఇంటికి ఇంకొక ధర నిర్ణయించే గీత ఉంటుందని అంత స్పష్టంగా తెలియదు. ఆ రాత్రి మొదలుకొని ఆ విషయం గురించి చదివాను, అక్కడ స్థిరపడిన నా పాత విద్యార్థులను అడిగి తెలుసుకున్నాను. మన కుటుంబాలలో చాలామంది పిల్లలు నేడు ఆ దేశంలో ఉన్నారు. వారి తల్లిదండ్రులు ఇక్కడి నుంచే సలహాలిస్తుంటారు, కొందరు డబ్బు కూడా సర్దుతుంటారు. కనుక తెలుసుకున్నది పాఠకుల ముందు ఉంచుతున్నాను.

మూడు గీతలు

అమెరికాలో ప్రభుత్వ పాఠశాలలో చదువు ఉచితం. అయితే ఏ పాఠశాలలో చదవాలన్నది సాధారణంగా ఇంటి చిరునామాను బట్టి నిర్ణయమవుతుంది. దేశమంతటా సుమారు 13 వేల విద్యా జిల్లాలున్నాయి. మన జిల్లాలతో వీటిని పోల్చరాదు. విద్యా జిల్లా అంటే పాఠశాలల నిర్వహణ కోసం ఏర్పడిన ప్రత్యేక స్థానిక సంస్థ. టెక్సాస్‌లో వీటిలో చాలావాటిని ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్టులంటారు. ఒక్కొక్కదానికి ఎన్నికైన పాలకమండలి ఉంటుంది, ఆస్తిపన్ను విధించే అధికారమూ ఉంటుంది.

కనుక ఒక ఇంటి మీదుగా మూడు గీతలు పోతాయి. మొదటిది పట్టణ సరిహద్దు. రెండవది విద్యా జిల్లా సరిహద్దు. మూడవది, ఆ జిల్లాలోనే ఏ వీధి పిల్లలు ఏ పాఠశాలకు వెళ్లాలో చెప్పే హాజరు సరిహద్దు. ఈ మూడూ ఒకదానితో ఒకటి కలవవు. హైదరాబాదీ ముస్లిం కుటుంబాలు అధికంగా నివసించే అర్వింగ్ పట్టణాన్నే తీసుకోండి. చిరునామా అంతా అర్వింగే. కాని పట్టణంలో ఎక్కువ భాగం అర్వింగ్ విద్యా జిల్లాలో ఉండగా, ఉత్తర భాగంలో కొన్ని వీధులు కాపెల్ విద్యా జిల్లాకూ, మరికొన్ని క్యారల్టన్-ఫార్మర్స్ బ్రాంచ్ విద్యా జిల్లాకూ చెందుతాయి. అదే విధంగా ప్లేనో పట్టణ చిరునామా ఉన్న కొన్ని ఇళ్ల పిల్లలు ఫ్రిస్కో విద్యా జిల్లా బడులకు వెళతారు. ఊరి పేరు చూసి ఇల్లు కొన్నవారు, బడి తెరిచే నాటికి నాలుక కరుచుకున్న సందర్భాలు లేకపోలేదు.

గీతకు ధర ఎలా వచ్చింది?

ఈ గీత విలువను లెక్కగట్టిన వారిలో శాండ్రా బ్లాక్ అనే ఆర్థికశాస్త్రవేత్త ముఖ్యురాలు. 1999లో ప్రచురించిన అధ్యయనంలో ఆమె మసాచుసెట్స్ రాష్ట్రంలోని శివారు పట్టణాలను పరిశీలించింది. మంచి బడి ఉన్నచోట మంచి రోడ్లు, మంచి పార్కులు కూడా ఉంటాయి కదా, ధర దేనికి పెరిగినట్టు? ఈ చిక్కు విడదీయడానికి ఆమె ఒకే విద్యా జిల్లాలో, హాజరు సరిహద్దుకు అటూ ఇటూ పక్కపక్కనే ఉన్న ఇళ్లను మాత్రమే పోల్చింది. పరీక్షల మార్కులు 5 శాతం ఎక్కువగా ఉన్న ప్రాథమిక పాఠశాల వైపు ఇంటికి తల్లిదండ్రులు సుమారు 2.5 శాతం అదనంగా చెల్లిస్తున్నారని తేలింది. ఫీజు లేని బడికి ఫీజు ఉంది. అది ఇంటి ధరలో దాగి ఉంది.

దీని వెనుక పన్నుల చరిత్ర ఉంది. అక్కడి పాఠశాలలకు వచ్చే ధనంలో సగానికి కొంచెం తక్కువ స్థానికంగానే, ముఖ్యంగా ఆస్తిపన్ను రూపంలో వస్తుంది. ఇళ్ల విలువ ఎక్కువ ఉన్నచోట తక్కువ శాతం పన్నుతోనే బడి నిండుతుంది. విలువ తక్కువైన చోట ఎంత పిండినా బొట్టు రాలదు. టెక్సాస్‌లోనే సాన్ ఆంటోనియో నగరంలో ఎడ్జ్‌వుడ్ అనే పేద విద్యా జిల్లాకు చెందిన తల్లిదండ్రులు 1968లో న్యాయస్థానానికి వెళ్లారు. డిమెట్రియో రోడ్రిగ్వెజ్ అనే తండ్రి వారికి ముందు నిలిచాడు. న్యాయస్థానం ముందుకు వచ్చిన లెక్కలు చూడండి: ఎడ్జ్‌వుడ్ ప్రజలు ప్రతి 100 డాలర్ల ఆస్తికి 1.05 డాలర్ల చొప్పున పన్ను కట్టేవారు. అదే నగరంలోని సంపన్న అలామో హైట్స్ ప్రజలు 85 సెంట్లు మాత్రమే కట్టేవారు. అయినప్పటికీ ఎడ్జ్‌వుడ్ తన పన్నుతో ఒక్కొక్క విద్యార్థికి 26 డాలర్లు మాత్రమే సమకూర్చుకోగా, అలామో హైట్స్ 333 డాలర్లు సమకూర్చుకుంది. ఎక్కువ పన్ను కట్టినవాడికి తక్కువ బడి దక్కింది.

1973లో అమెరికా సుప్రీం కోర్టు 5-4 మెజారిటీతో ఆ తల్లిదండ్రులకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. వారు పోరాటం విడువలేదు. 1989లో టెక్సాస్ సుప్రీం కోర్టు ఆ రాష్ట్ర విధానం రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని ఏకగ్రీవంగా ప్రకటించింది. ఆ తరువాత 1993లో, సంపన్న విద్యా జిల్లాల పన్నులో కొంత భాగాన్ని తీసి ఇతర జిల్లాలకు చేర్చే చట్టం వచ్చింది. ప్రజలు దానికి రాబిన్‌హుడ్ చట్టమని పేరుపెట్టారు. దీనితో డబ్బులోని అంతరం కొంత తగ్గింది గాని, గీత మాత్రం చెరగలేదు. 1974లో డెట్రాయిట్ నగరానికి సంబంధించిన కేసులో సుప్రీం కోర్టు, జాతుల మధ్య వేర్పాటును తొలగించడానికి శివారు జిల్లాల సరిహద్దులు దాటి పిల్లలను పంపమని ఆదేశించలేమని చెప్పింది. ఆ తీర్పుతో శివారు గీతలు మరింత గట్టిపడ్డాయి. కనుక నేడు అటువైపు ఇల్లు కొనుక్కునే మన పిల్లలు, తాము గీయని ఒక గీత ఇచ్చే లాభాన్ని కొనుక్కుంటున్నామని తెలుసుకొని ఉండటం మంచిది. గీతకు ఇవతల మిగిలిపోయిన బిడ్డను చిన్నచూపు చూడకుండా ఉండటానికైనా ఆ ఎరుక అవసరం.

మార్కుల అంకె ఏమి చెబుతుంది?

మా మేనల్లుడు పంపిన పట్టికలో ప్రతి బడి పక్కన పదికి ఇన్ని అని ఒక అంకె ఉంది. ఒకటి 9, ఇంకొకటి 6. ఇళ్ల అమ్మకపు ప్రకటనల పక్కనే ఈ అంకె కనబడుతుందట. పిల్లవాడి పెళ్లికి జాతకం చూసినట్టు అందరూ ఆ అంకెనే చూస్తున్నారు.

ఆ అంకెలో పెద్ద భాగం పరీక్షల మార్కులదే. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన షాన్ రియర్డన్ బృందం దేశవ్యాప్తంగా పరీక్షా ఫలితాలను పరిశీలించి ఒక ముఖ్యమైన తేడా చూపించింది. ఒక బడి పిల్లల సగటు మార్కులు వేరు, ఆ పిల్లలు ఏడాదికేడాది ఎంత ఎదుగుతున్నారన్నది వేరు. సగటు మార్కులు తల్లిదండ్రుల ఆదాయంతో దగ్గరగా ముడిపడి ఉంటాయి. ఎదుగుదలకు ఆదాయంతో ఉన్న ముడి బలహీనం. పేద విద్యార్థులు ఎక్కువగా ఉన్న చికాగో నగరంలో మూడవ తరగతి నుంచి ఎనిమిదవ తరగతి దాకా గల ఐదేళ్లలో పిల్లలు సుమారు ఆరేళ్ల చదువు నేర్చుకుంటున్నారని 2017లో ఆయన వెల్లడించారు. సగటు అంకె చూసి పక్కన పెట్టే బడులలో ఉపాధ్యాయులు అంతగా శ్రమిస్తున్నారన్నమాట.

ఉపాధ్యాయుడిగా ఈ సంగతి నాకు కొత్తగా అనిపించలేదు. మా మదరసాకు ఇంట్లో అక్షరాలు దిద్దించిన తల్లి ఉన్న పిల్లవాడూ వస్తాడు, అక్షరమే చూడని పిల్లవాడూ వస్తాడు. ఏడాది చివర మొదటివాడికే ఎక్కువ మార్కులు రావచ్చు. కాని ఎవరు ఎక్కువ దూరం నడిచారో నాకు తెలుసు. బడిని ఎంచుకునే తల్లిదండ్రులు గమనించవలసింది ఆ నడకనే. టెక్సాస్ విద్యాశాఖ బడులకు 'ఎ' నుంచి 'ఎఫ్' వరకు ఇచ్చే శ్రేణులలో పిల్లల ఎదుగుదలకు కూడా విడిగా లెక్క ఉంటుంది. దానిని వెతికి చూడాలి.

అయితే ఇరుగుపొరుగు ప్రభావమే ఉండదని నేను అనడం లేదు. 1990 దశకంలో బాల్టిమోర్, బోస్టన్, చికాగో, లాస్ ఏంజెలెస్, న్యూయార్క్ నగరాలలో అత్యంత పేద ప్రభుత్వ గృహ సముదాయాలలోని కుటుంబాలకు, పేదరికం తక్కువగా ఉన్న వాడలకు మారేందుకు చీటీపాట పద్ధతిలో అవకాశమిచ్చారు. రాజ్ చెట్టి, ఆయన సహచరులు ఆ పిల్లలు పెద్దవారైన తరువాత పరిశీలిస్తే, 13 ఏళ్లలోపు మారిన పిల్లల సంపాదన మారనివారి కంటే 31 శాతం ఎక్కువగా ఉంది. పెద్ద వయసులో మారినవారికి ఆ లాభం కలగలేదు. పాత స్నేహాలు, పాత బడి తెగిపోవడం వల్ల కొంత నష్టం కూడా జరిగి ఉండవచ్చని వారు భావించారు.

ఇందులో రెండు పాఠాలున్నాయి. కడు పేదరికం నుంచి బయటపడటం వల్ల కలిగే మేలును, 6 అంకె బడి నుంచి 9 అంకె బడికి మారడంతో సమానంగా ఎంచరాదు. రెండవది, బిడ్డ వయసు. మా మేనల్లుడి ఆరేళ్ల పాపకు మారడం తేలిక. పదవ తరగతిలో ఉన్న పెద్దమ్మాయిని బడి మార్చితే ఆ పిల్ల తన స్నేహితులను, తనను ఎరిగిన ఉపాధ్యాయులను వదులుకోవాలి. ఒకే ఇల్లు ముగ్గురు బిడ్డలకు మూడు విధాలుగా పనిచేస్తుంది.

డెబ్బై వేల లెక్క

ఆ డెబ్బై వేలను విడదీసి చూద్దామని నేను అతడితో కాగితం మీద లెక్క వేయించాను. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, అందుచేత ఆస్తిపన్ను బరువుగా ఉంటుంది. అన్నీ కలిపి విలువలో సుమారు 2 శాతం అనుకుందాం. సొంతంగా నివసించే ఇంటికి బడి పన్నులో మినహాయింపు ఉంది. 2023లో దానిని 40 వేల నుంచి లక్ష డాలర్లకు పెంచారు. కాని ఆ మినహాయింపు రెండు ఇళ్లకూ సమానమే కనుక, అదనపు డెబ్బై వేల మీద పన్ను పూర్తిగా పడుతుంది. అంటే ఏడాదికి 1,400 డాలర్లు. ఆ డెబ్బై వేలను 15 ఏళ్లలో తీర్చాలంటే, పైన ఒక్క డాలరు లాభం వేయకపోయినా నెలకు 389 డాలర్లు. పన్నుతో కలిపితే నెలకు ఐదువందలు దాటుతుంది.

ఈ ఐదువందలు ఎక్కడి నుంచి వస్తాయి? ఇదే అసలు ప్రశ్న. తండ్రి మరికొన్ని గంటలు పనిచేయాలి, లేదా పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు ఇంట్లో ఉంటున్న తల్లి కూడా ఉద్యోగం వెతుక్కోవాలి. మంచి బడి కోసం తీసుకున్న ఇంట్లో, పాఠం చదివించే మనిషి లేకుండా పోతే లాభమేమిటి?

నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. ఇల్లు అమ్మేటప్పుడు ఆ అదనపు ధర తిరిగి రావచ్చు. చవక ఇల్లు కొని, అక్కడి బడి నచ్చక ముగ్గురు పిల్లలను ప్రైవేటు పాఠశాలలో చేర్చితే, మిగిలిందనుకున్న డబ్బు రెండు మూడేళ్లలో కరిగిపోవచ్చు. ఇస్లామీయ పాఠశాలలో చేర్చాలని ముందే నిశ్చయించుకున్న కుటుంబమైతే మాత్రం, తాము వాడుకోని గీతకు అధిక ధర చెల్లించడం అర్థంలేని పని.

వడ్డీ విషయం కూడా ఇక్కడే వస్తుంది. ఇంటి ధర చేతికి అందనంత పెరిగేకొద్దీ, వడ్డీ లేని మార్గాల కోసం వెతికే ఓపిక మనిషిలో తగ్గిపోతుంది. సంస్థా, కొనుగోలుదారూ భాగస్వాములుగా ఇల్లు కొని, కొనుగోలుదారు క్రమంగా సంస్థ వాటాను తీసుకొనే ముషారకా పద్ధతి అక్కడ అందుబాటులో ఉంది. ఒప్పందం చదివించి, తెలిసిన ధర్మవేత్తను సంప్రదించిన తరువాతనే సంతకం చేయాలి. సొంత వాటా ఎంత ఎక్కువ పెట్టగలిగితే ఆ మార్గం అంత సులువవుతుంది. చవక ఇంటికి ఉన్న ఈ మేలును ధరల పట్టికలు చూపించవు.

గీత కదులుతుంది

కొన్నవారు తరచూ మరచిపోయే సంగతి ఇది: బడి గీత శాశ్వతం కాదు. పిల్లల సంఖ్య పెరిగితే కొత్త బడి కట్టి గీత మారుస్తారు, తగ్గితే బడిని మూసి మారుస్తారు. మంచి పేరున్న ప్లేనో విద్యా జిల్లాలోనే విద్యార్థుల సంఖ్య తగ్గడంతో 2024లో నాలుగు పాఠశాలలను మూసివేయాలని పాలకమండలి నిర్ణయించింది. ధరలు పెరిగిన పాత వాడలలో చిన్నపిల్లలున్న యువ కుటుంబాలు ఇల్లు కొనలేకపోతే, ఆ బడిలో కూర్చునే పిల్లలు ఎక్కడి నుంచి వస్తారు? బడి వల్ల పెరిగిన ధర చివరకు బడికే ముప్పు కావచ్చు.

కనుక కొనేముందు అమ్మకందారు మాట మీద గాని, ప్రకటన మీద గాని ఆధారపడరాదు. ఇంటి నంబరుతో సహా చిరునామాను విద్యా జిల్లా కార్యాలయంలో సరిచూసుకోవాలి. రాబోయే ఏళ్లలో సరిహద్దులు మార్చే ఆలోచన ఉందేమో, పాలకమండలి సమావేశాల వివరాలలో చూడాలి. బడి విడిచే వేళకు గేటు దగ్గర అరగంట నిలబడి చూడాలి. పిల్లలు ఎలా బయటికి వస్తున్నారు, ఉపాధ్యాయులు వారితో ఎలా మాట్లాడుతున్నారు, హిజాబు ధరించిన ఆడపిల్ల ఒంటరిగా నడుస్తున్నదా, స్నేహితులతో నవ్వుతూ వస్తున్నదా అన్నవి ఏ అంకెలోనూ ఉండవు. ఫజ్ర్‌కు మస్జిదు చేరడానికి ఎంతసేపు పడుతుందో కూడా ఒకరోజు స్వయంగా వెళ్లి చూసుకోవాలి. ఇంటికన్నా ముందు పొరుగును చూసుకోమన్న అరబ్బుల నానుడి ఊరికే పుట్టలేదు.

ఒక అడ్డదారి

ఈ లెక్కలు సాగుతుండగా మా మేనల్లుడికి ఒక మిత్రుడు "సులువైన" ఉపాయం చెప్పాడు. చవక ఇల్లే కొనుక్కో, పిల్లలను మాత్రం గీతకు అటువైపున్న బంధువుల చిరునామాతో చేర్పించు, అందరూ చేసేదే కదా అని.

అందరూ చేసేది కాదు, చేసినా క్షేమం కాదు. టెక్సాస్ చట్టం ప్రకారం బడి ప్రవేశ పత్రంలో తప్పుడు సమాచారమివ్వడం నేరం. దొరికితే ఆ కాలానికి ఫీజు కూడా వసూలు చేయవచ్చు. 2011లో ఒహాయో రాష్ట్రంలోని అక్రాన్‌లో ఒక నల్లజాతి తల్లి, తన తండ్రి చిరునామాతో కుమార్తెలను శివారు బడిలో చేర్చినందుకు జైలుపాలైంది. ఆ శిక్ష కఠినమైనదని దేశమంతా వాదించింది, గవర్నరు ఆమె నేరాల తీవ్రతను తగ్గించాడు. ఆ తల్లి కష్టం పట్ల నాకు సానుభూతి ఉంది. కాని ఆమె పేదరికం వేరు, మా మేనల్లుడి వెసులుబాటు వేరు.

అతడు నిర్ణయం తీసుకోకముందే ఆ విషయం ఇంట్లో చర్చకు వచ్చిందట. భోజనాల దగ్గర తొమ్మిదేళ్ల అబ్బాయి విని, "అబ్బా, మీ ఇల్లు ఎక్కడ అని టీచర్ అడిగితే నేను ఏమి చెప్పాలి?" అని అడిగాడట.

ఫోనులో ఈ మాట చెబుతున్నప్పుడు మా మేనల్లుడి గొంతు తగ్గిపోయింది. నేను కూడా కొంతసేపు ఏమీ అనలేదు. సత్యం పలకమని నేర్పడానికే కదా బిడ్డను బడికి పంపుతున్నాము. ప్రతి ఉదయం ఒక అబద్ధం చేతికిచ్చి గేటు దాటించే బడి, పదికి పది అంకె తెచ్చుకున్నా మన బిడ్డకు మంచి బడి కాలేదు.

మన వీధులలోనూ

ఇదంతా దూరదేశపు గొడవ అనుకోనక్కరలేదు. మన పట్టణాలలో మ్యాపు మీద బడి గీత లేదు, కాని ఫీజు రూపంలో గీత ఉంది. పేరున్న బడి చుట్టుపక్కల అద్దెలు పెరగడం హైదరాబాదులోనూ, విజయవాడలోనూ చూస్తూనే ఉన్నాము. పొరుగు వాడను విడిచి, మస్జిదును విడిచి, వృద్ధులైన తల్లిదండ్రులను విడిచి బడి కోసం ఇల్లు మారే కుటుంబాలున్నాయి. మారడం తప్పని నేను అనను. వదులుకునేదాన్ని కూడా లెక్కలో వేయండి అంటున్నాను.

చివరకు మా మేనల్లుడి కుటుంబం చవక ఇంటినే ఎంచుకుంది. ఆ బడికి భార్యాభర్తలిద్దరూ వెళ్లి రెండవ తరగతి ఉపాధ్యాయురాలితో మాట్లాడి వచ్చారు. ఆమె వెనుకబడిన పిల్లల కోసం సాయంత్రం వేళ కూర్చుంటుందని తెలిసి, మా కోడలి మనసు కుదుటపడింది. పెద్దమ్మాయి బడి మారనవసరం లేకుండా పోయింది, ఎందుకంటే ఆ ఇల్లు పాత గీతలోనే ఉంది. ఇది అందరికీ సరైన నిర్ణయమని చెప్పను. వేరొక కుటుంబానికి, వేరే వయసు పిల్లలతో, ఆ డెబ్బై వేలు పెట్టడమే సబబు కావచ్చు.

మొన్న ఆ అబ్బాయి ఫోనులో నాతో సలాం చెప్పి, కొత్త ఇంటి చిరునామాను నంబరుతో సహా గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పాడు. టీచర్ అడిగిందట, చెప్పాడట. అల్లాహ్ ఆ ఇంట్లో శుభం ప్రసాదించుగాక.